నల్ల సంచిలో చేతులు

అయ్యూబ్ చేతులు రెండూ మోచేతుల దాకా ఆ నల్ల సంచిలోకి పోయాయి. ఇక నాకు కనబడేది అతని మొఖం ఒక్కటే, ఆ మొఖం కూడా నా వైపు లేదు, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు ఉంది. కళ్ళతో అవసరం లేని పని చేసేటప్పుడు మనిషి అట్లా ఎటో చూస్తాడు కావచ్చు, మా అవ్వ బర్రె పాలు పిండేటప్పుడు దూలాన్ని చూస్తూ ఉండేది, కాని ఎదుటివాడికి తెలియగూడని పని చేసేటప్పుడు కూడా చూపు అట్లాగే ఉంటుంది గదా. సంచికి చొక్కాకు కుట్టినట్టు రెండు చేతులు కుట్టి ఉన్నాయి, వాటి మూతులకు రబ్బరు పట్టీలు. లోపల మా బావ కెమెరా. కెమెరా లోపల నలభై ఏళ్ళ కింద ఇరుక్కున్న రీలు డబ్బా. "వెల్తురు దల్గితె రీలు ఖతం, పటేలా. గుడ్డోని లెక్క జెయ్యాలె గీ పని," అన్నాడు జిప్పు వేస్తూ. నేను తల ఊపాను. వెలుతురులో చేయలేని పని అంటే నాకు మొదటినుంచీ అనుమానమే. సంచి ఒకచోట ఉబ్బుతుంది, ఇంకోచోట అణుగుతుంది, లోపల పిల్లి పిల్లను మూట కట్టినట్టు. ఆ చేతులు ఏం తీస్తున్నాయో, ఏం పెడుతున్నాయో ఎవరు చూడొచ్చారు. నా ఒళ్ళో కూడా ఒక సంచి ఉంది, అందులో తువ్వాలలో చుట్టిన మా ఇంటి సామి, జానెడెత్తు నర్సింహస్వామి. పొద్దున మోస్రాలో బస్సెక్కినప్పటినుంచి ఒళ్ళోంచి దించలేదు. నువ్వు నువ్వేనా సామీ అని దారిలో మనసులో అడిగాను, అప్పుడే బస్సు గతుకులో పడి సామి నా కడుపుకు గట్టిగా తగిలాడు. దాన్ని జవాబు అనుకోలేదు. అట్లా అనుకోవడం మొదలుపెడితే బోధన్ రోడ్డు మీద దేవుడు మాట్లాడని చోటు ఉండదు.

అక్క ఫోను నిన్న వచ్చింది. "తమ్మీ, మీ బావకు రేపు కాక ఎల్లుండి పొద్దుగాల గుండె ఆపరేషను. గంతకు ముంగట ఇంటి సామిని ఒక్కపారి సూస్తా అంటుండు. తీస్కరా." తెస్తానని అనలేదు, తేనని అనలేదు, చూస్తాలే అన్నాను. ఎందుకు చూడాలట. ఈ నిజామాబాద్ ఖలీల్‌వాడి దవాఖానా గోడలకు ఎంతమంది దేవుళ్ళ పటాలు లేవు, ఏ పటానికి దండం పెట్టుకుంటే వద్దంటారు, మా ఇంటి సామే ఎందుకు. సంవత్సరానికి ఒకసారి ఇంటికి వచ్చినా దేవుని అర్రలోకి తొంగి చూడని మనిషి, చెప్పులు విప్పి గడపకు దండం పెట్టి అటునుంచి అటే పోయే మనిషి. ఆ తప్పించుకోవడం నేను ఇన్నేళ్ళూ గమనిస్తూనే ఉన్నాను. పుష్పలతతో అంటే, నీకు వేరే పని లేదా, ఆయనకు మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేడు, అంటుంది నా భార్య. మోకాళ్ళ నొప్పులు ముప్పై ఏళ్ళ వయసులో కూడా ఉంటాయా. ఇప్పుడు ఆపరేషను బల్ల ఎక్కేముందు చూస్తానంటే దాని అర్థం ఏమిటి. ఒప్పుకుంటాడా. సామి కాళ్ళు పట్టుకుని, తప్పయింది, బాగుచేయిస్తనని తీస్కపోయి అసలు నిన్ను నాందేడ్‌లోనే వదిలేసి వచ్చిన అంటాడా. అంటే నేనేం చేయాలి. ఆపరేషనుకు పోయే మనిషిని ఏమంటాను. అనకుంటే మాత్రం, ఇంటికి తిరిగి వచ్చి ఏ మొఖంతో దీపం పెడతాను, ఎవరికి పెడతాను.

సంచి లోపల ఏదో టక్కుమంది. "ఏమైంది," అన్నాను. "ఏం గాలే. తలుపు దెరిసిన," అన్నాడు అయ్యూబ్ ఫ్యానును చూస్తూనే. గంట కింద నేను ఈ కెమెరాను బల్ల మీద పెట్టగానే చేతిలోకి తీసుకుని నవ్విన మనిషి ఇతను. "అరె, గంగారాం సేట్ కెమెరా! మస్కట్‌ల కొన్న నాడు నేను పక్కనే ఉన్న." బస్‌స్టాండు దగ్గర ముగ్గురిని అడిగితే ముగ్గురూ, ఇట్లాంటి పాత కెమెరాలు అయ్యూబ్ భాయ్ తప్ప నిజామాబాద్‌లో ఎవరూ ముట్టరు అని చెప్పి పంపారు, వచ్చి చూస్తే బావతో మస్కట్‌లో ఒకే గదిలో ఉన్న మనిషి. బావ కెమెరా కొనుక్కుని వచ్చి, ఇంకోసారి పోయి వచ్చి, చివరికి వ్యవసాయంలో పడ్డాడు, ఇతను అక్కడే ఫోటో స్టూడియోలో పని నేర్చుకుని వచ్చి పెళ్ళిళ్ళకు వీడియోలు తీశాడట. దోస్తుకు దోస్తు సాయం చేయడా. కెమెరాను తీసుకుని లేచిపోదామా అనుకున్నాను. కాని ఎక్కడికి పోను. అందుకే కూర్చున్నాను, కూర్చుని చేతులను చూద్దామనుకున్నాను, చేతులేమో సంచిలోకి పోయాయి.

ఆ కెమెరా నా చేతికి రావడమే ఒక విచిత్రం. మొన్న దవాఖానాకు చూడపోతే అక్క ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చింది. "గిదేందక్కా?" అంటే, "నాకేమెరుక తమ్మీ, సందుకల కెమెరా తీసి బాపురావుకియ్యి అన్నడు, ఇస్తున్న," అంది. ఇన్నేళ్ళు ఇనుప సందుకలో పాత రగ్గుల కింద దాచిన వస్తువు. నేను అడిగితే, రీలు ఇరికింది, ఖరాబైంది, దాంట్ల ఏముందని అడుగుతవ్ అని విసుక్కునేవాడు. రెండు మూడుసార్లు అడిగి మానేశాను, ఎక్కువ అడిగితే ఎందుకు అడుగుతున్నానో తెలిసిపోతుందని. నాకు కావలసింది ఆ రీల్లో ఉన్న సామి మొఖం, నాందేడ్ పోకముందు సామి మొఖం. ఇది ఆయనకు తెలియకుండా ఉంటుందా. తెలిసే దాచాడని నేననుకున్నాను. మరి తెలిసే ఇప్పుడు ఎందుకు ఇచ్చినట్టు. రీలు లోపల ఏమీ లేకుండా చేసి ఇచ్చాడా. లేక ఏమున్నా ఇప్పుడు ఫరవాలేదనుకున్నాడా. దవాఖానా మంచం మీద పడుకున్నవాళ్ళకు ఎన్ని ఆలోచనలు వస్తాయో.

ఆ నాటి మాట ఇది. బావ మస్కట్ నుంచి వచ్చిన సంతోషానికి, అల్లుడు గదా, మా అవ్వ హన్మవ్వ సత్యనారాయణ వ్రతం పెట్టించింది. వాకిట్లో పసుపు ఉడకబెట్టే కడాయి బోర్లించి ఉంది, దాని పక్కన బండ్లు, బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలి వచ్చిన బండ్లు, ఎడ్లకు ఇంకా చెరుకు ఆకు వాసన. ఊరంతా వచ్చింది వ్రతానికి కాదు, కెమెరాకు. ఫోటో కాదట, మనుషులు కదులుతారట, గోడ మీద సినిమా పడుతుందట. బావ తెల్ల ప్యాంటు వేసుకుని కెమెరాను కంటి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ నడుస్తుంటే అది గుర్రుమనేది, పిల్లలు ఆ చప్పుడు ముందు నిలబడి కదలకుండా ఊపిరి బిగబట్టేవారు. "అరె కదలుండ్రి! గిది ఫోటో గాదు! ఎగురుండ్రి, దుంకుండ్రి!" అని బావ అరుస్తుంటే ఇంకా గట్టిగా బిగుసుకుపోయారు. అవ్వ సామిని పీట మీద కూర్చోబెట్టి గంధం పూసి, పూలు పెట్టి, బావను పిలిచింది. "గంగారాం, సామిని మంచిగ తియ్యి బిడ్డా, మొకం మంచిగ రావాలె." బావ మోకాళ్ళ మీద కూర్చుని, అవును, మోకాళ్ళ మీదే కూర్చుని, చాలాసేపు తీశాడు. నేను పక్కన నిలబడి చూశాను. గుర్రుమనే చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది. అందుకే చెప్తున్నాను, కెమెరా ఆగలేదు. ఆగని కెమెరాలో రీలు ఎట్లా ఇరుకుతుంది. ఈ ఒక్క ప్రశ్న మీద నా అనుమానమంతా నిలబడి ఉంది ఇన్నేళ్ళూ.

వ్రతం మర్నాడు సామి పీఠం దగ్గర పగులు కనబడింది. ఎప్పటిదో తెలియదు, గంధం కడుగుతుంటే అవ్వ వేలికి తగిలింది. పగిలిన విగ్రహానికి పూజ చేయరాదని అయ్యగారు అన్నాడు. నాందేడ్‌లో నాకు తెలిసిన పోత పోసేటాయన ఉన్నడు అని బావ అన్నాడు. అటు పోతే మనవైపు వాళ్ళకంటే పనితనం మంచిదని అప్పట్లో అందరి నమ్మకం. సామిని పట్టుబట్టలో చుట్టి తీసుకుపోయాడు, తీసుకుపోయి ఆ వానలన్నీ గడిచాక తెచ్చాడు. తళతళా మెరుస్తున్నాడు సామి. మెరిస్తే సంతోషించాలి గదా. అవ్వ రెండు చేతుల్లో పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఏమీ అనలేదు. మంచిగున్నదా అత్తమ్మా అని బావ అడిగితే మంచిగున్నది బిడ్డా అంది. ఆ తర్వాత పండుగకే బావ మళ్ళీ మస్కట్ పోయాడు, వీసాకు డబ్బు ఎట్లా అమర్చుకున్నాడో నేను అడగలేదు. అవ్వ మాత్రం చివరి ఏడాది, మాట తడబడుతున్న రోజుల్లో, దేవుని అర్రలోకి చూస్తూ ఒకసారి నాతో అంది, "మన సామి గిట్ల సూడకపోవు రా." అంతే. మళ్ళీ అడిగితే, నేనేమన్న అంది. ఆ ఒక్క మాట నా ఒంట్లో ముల్లులా విరిగి ఉండిపోయింది. రోజూ పొద్దున దీపం పెడతాను, బెల్లం పాలు పెడతాను, కళ్ళు మూసుకుంటాను, తెరిచి ముందుగా సామి కళ్ళలోకి చూస్తాను, గిట్ల సూడకపోవు అంటే ఎట్లా చూసేవాడు. గుర్తు తెచ్చుకుందామంటే రాదు. రోజూ చూసే మొఖం పాత మొఖాన్ని తుడిచేస్తూ ఉంటుంది.

ఒకసారి అయ్యగారిని అడిగాను, నా సంగతి అని కాకుండా, ఎవరో అడిగినట్టు. విగ్రహం మారిపోయిన సంగతి తెలియకుండా పూజ చేస్తుంటే ఆ పూజ ఎవరికి అందుతుంది అని. అయ్యగారు తాంబూలం నములుతూ నన్ను కిందనుంచి మీది దాకా చూసి, "ఎవరింట్ల?" అన్నాడు. దక్షిణ పెట్టి లేచి వచ్చాను. చేసే మనసుదే పూజ అని ఆయన అని ఉంటే నాకు ఊరట కలిగేదా. చేసే మనసులోనే గదా పురుగు. కళ్ళు మూసుకుని మంత్రం చదువుతూ, ఇది దొంగ సామి కావచ్చు అనుకునే మనసు ఏ దేవుడికి పనికొస్తుంది. నిజం సామి అయితే నా పాపం ఎంత, కాకపోతే నా అమాయకత్వం ఎంత. ఇట్లా రెండు వైపులా లెక్క వేసుకుంటూ చేసే పూజను సామి ఇన్నేళ్ళు ఎట్లా ఓర్చుకున్నాడో.

"పటేల్ సాబ్, చాయ్ తాగుండ్రి." అయ్యూబ్ భార్య హుసేన్ బీ లోపలినుంచి పరదా తొలగించుకుని వచ్చింది. దుకాణం వెనకే వాళ్ళ ఇల్లు. నేను ఒక చేత్తో సంచి పట్టుకుని ఇంకో చేత్తో కప్పు అందుకోబోతే ఒళ్ళో ఒలకబోయింది. "సంచి కింద వెట్టుండ్రి గదా," అంది. కింద పెట్టరాదన్నాను. ఆమె నా మొఖం చూసింది, సంచిని చూసింది, తువ్వాల చివర అంటిన కుంకుమను చూసింది. లోపలికి పోయి ఒక స్టూలు, దాని మీద పరచడానికి ఉతికిన తెల్ల గుడ్డ తెచ్చి నా పక్కన వేసింది. "మా జానిమాజ్‌లు కట్టే గుడ్డ. పాక్ హై, మైల లేదు," అంది. నమాజు చేసుకునే చాపల గుడ్డ మీద మా నర్సింహస్వామి. పెట్టాను. పెట్టి, చేయి మాత్రం సంచి మీది నుంచి తీయలేదు. చాయ్ బాగుంది. ఆ మంచితనం మీద కూడా నాకు అనుమానం వచ్చిందని రాస్తే చదివేవాళ్ళు నవ్వుతారు, కాని వచ్చింది, సామిని నా ఒళ్ళోంచి దింపడానికే ఆ చాయ్ ఇచ్చిందేమోనని. అప్పుడే బల్ల మీద అయ్యూబ్ ఫోను మోగింది. చేతులు సంచిలో ఉన్నాయి గదా, హుసేన్ బీ ఫోను అతని చెవికి ఆనించి పట్టుకుంది. "హా... హా... యహీచ్ బైఠే... నై, అభీ నై బోలా..." నా చేతిలో కప్పు ఆగిపోయింది. ఇక్కడే కూర్చున్నారు, ఇంకా చెప్పలేదు. ఎవరు. బావనా. ఫోను పెట్టేశాక హుసేన్ బీ నన్ను చూసి నవ్వింది. "మా తమ్ముడు. ఆని బాకీ సంగతి నాకు చెప్పిండా అని అడుగుతుండు, మీ ముంగట ఎట్ల చెప్తడు ఈయన, గిరాకీ కూసుంటె." నేనూ నవ్వాను. నవ్వు ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

అయ్యూబ్ జిప్పు తీశాడు. నేను లేచి నిలబడ్డాను. "వెల్తురు తగుల్తది గదా!" "తగల్నియ్యి. డబ్బ లోపట రీలు భద్రంగనే ఉంటది పటేలా, గీ కిటికీ కాడ కనవడే రెండు వేళ్ళంత ముక్కనే పోతది." "మరి గింతసేపు సంచిల ఎందుకు చేసినవ్?" గట్టిగానే అడిగినట్టున్నాను, హుసేన్ బీ లోపలికి పోతూ ఆగింది. అయ్యూబ్ నొచ్చుకోలేదు. "రీలు డబ్బలకెల్లి బయటికొచ్చి కుప్పవడ్డదేమో అని. కుప్పవడి ఉంటె, బయట తెరుస్తె మొత్తం పోతుండె. చేతుల్తోని తడిమిన. రాలే. డబ్బ సాఫ్." నల్ల ప్లాస్టిక్ డబ్బా, అరచేయి అంత ఉంది. దాని పక్కన చిన్న కిటికీ, కిటికీలో రీలు ముక్క, బెల్లం పాకం రంగులో. అతను పెన్నుతో ఆ ముక్క మీద ఒక గీత గీశాడు. నేను చేయి అడ్డం పెట్టబోయాను. "గా ముక్క ఎట్లనన్న పోయిందే," అన్నాడు నా మొఖం చూసి. డబ్బాను మళ్ళీ కెమెరాలో పెట్టాడు, కొత్త సెల్లులు వేశాడు, మీట నొక్కాడు. గుర్రుమంది. ఆ చప్పుడే. నలభై ఏళ్ళ కింద మా వాకిట్లో పిల్లలు ఊపిరి బిగబట్టిన చప్పుడు, వెనక ఎక్కడో అవ్వ గొంతు, మొకం మంచిగ రావాలె బిడ్డా. "సూడు, మోటరు బరాబర్ నడుస్తుంది. రీలు ఎంత నడిసిందో జూపే ముల్లు గూడ ముంగటికి వోతుంది. ఇగ రీలు సూడు." తలుపు తెరిచి డబ్బా తీసి చూపించాడు. గీత ఎక్కడ గీశాడో అక్కడే ఉంది. వెంట్రుకంత జరగలేదు.

అంటే. అంటే కెమెరా ఆగకుండానే రీలు ఆగొచ్చు. అయ్యూబ్ ఏదో చెప్తున్నాడు, లోపల రంపానికి ఉన్నట్టు పండ్లున్న చక్రం ఒకటి ఉంటుందట, అది రీలును చుట్టుకుంటూ పోవాలట, చక్రం ఆగినా మోటరు ఆగదట, జారుతుందట, పట్టుకున్నవాడికి తెలియదట, తర్వాత తలుపు తెరిచి చూస్తేనే తెలుస్తుందట. నాకు కొంచెమే వినబడుతోంది. ఇన్నేళ్ళు నేను దేని మీద నిలబడ్డానో అది కాళ్ళ కిందనుంచి మెల్లగా జారుతోంది. కావాలనే ఆపొచ్చు గదా చక్రాన్ని, అనుకున్నాను వెంటనే. అనుకుని, అట్లా అనుకున్నందుకు నాకే ఒక రకమైన ధైర్యం వచ్చింది. "ఎందుకు ఆగింది చక్రం?" అన్నాను. "గదే సూస్తున్న." పళ్ళు కుట్టుకునే పుల్ల తీసుకుని కెమెరా కడుపులో చక్రం కింద కెలికాడు. టార్చి వేసి చూశాడు. మళ్ళీ కెలికాడు. ఏదో చిట్లి బల్ల మీద పడింది. అయ్యూబ్ దాన్ని వేలికి అంటించుకుని చూసి, "గిదేంది, పురుగు గుడ్డా?" అన్నాడు.

బియ్యపు గింజ. సగం విరిగి, పండ్ల చక్రం పండ్లు దిగి, ఇంకా పచ్చగా. మా మోస్రా పసుపు నలభై ఏళ్ళకూ రంగు దిగదు. అక్షింతలు. నేను దాన్ని అతని వేలి మీదినుంచి నా అరచేతిలోకి తీసుకున్నాను. అవ్వ. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా, నాగలి కర్రు అయినా, కుట్టుమిషను అయినా, నాలుగు అక్షింతలు వేసి దండం పెట్టకుండా ముట్టనిచ్చేది కాదు. ఆ పొద్దున బావ కెమెరా తలుపు తెరిచి డబ్బా పెట్టబోతుంటే అవ్వ పళ్ళెంతో వచ్చింది. "అత్తమ్మా, లోపట వడ్తయ్!" అని బావ నవ్వుతూ పక్కకు తిప్పుకున్నాడు. "పడనియ్ బిడ్డా, మంచిదే," అని అవ్వ వేసింది. ఇది నేను చూసిందే, నా కళ్ళ ముందు జరిగిందే, ఇప్పటిదాకా ఎక్కడ పోయింది ఈ జ్ఞాపకం. సామి మొఖం మంచిగ రావాలని అడిగిన మనిషి చేతి గింజే సామి మొఖం రాకుండా చేసింది. అయ్యూబ్ నవ్వాడు, "రోజంత తీసిందంత గీ కిటికీల ఉన్న ఒక్క ముక్క మీదనే వడ్డది. మీద మీద, మీద మీద. డబ్బ లోపట ఉన్నది అంత కోరా. ఏం లే." రోజంతా ఒక్క ముక్క మీద. దూకమంటే దూకని పిల్లలు, ఎడ్లు, అక్క, అవ్వ, అయ్యగారు, పీట మీద సామి, అందరూ ఒకరి మీద ఒకరు పడి, ఎవరూ ఎవరో తెలియకుండా, గోరంత చోటులో. ఇప్పుడు దాని మీద పెన్ను గీత.

అయితే బావ అబద్ధం ఆడలేదు. కనీసం రీలు సంగతిలో ఆడలేదు. కనీసం అన్న మాట నాకు నేనే చెప్పుకున్నాను, రీలు ఇరకడం నిజమైనంత మాత్రాన నాందేడ్ సంగతి నిజం కావాలని ఎక్కడుంది. ఇంతకాలం చేతికి అందితే చాలనుకున్న సాక్ష్యం ఇక ఎప్పటికీ అందదు. రీలు కడిగించి బొమ్మ తెప్పించడానికి బొంబాయి పంపే పని లేదు. అయ్యూబ్ కూలి వద్దన్నాడు, గంగారాం సేట్‌కు సలాం చెప్పమన్నాడు. హుసేన్ బీ గుడ్డ మీదినుంచి సామిని ఎత్తుకున్నాను. ఎత్తుకుంటే చేతికి బరువు తెలిసింది, ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తూచాను ఇట్లా చేతులతోనే. దవాఖానా ఈ వీధి చివరే. కాళ్ళు అటే నడిచాయి. నేను క్షమించడానికి పోతున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. సామిని చూసినప్పుడు ఆయన మొఖం ఎట్లా మారుతుందో చూద్దామని పోతున్నాను. రీల్లో దొరకనిది ఆ మొఖంలో దొరక్కపోతుందా అని.

బావ చిక్కిపోయాడు. చేతికి సూది, ముక్కుకు గొట్టం. అక్క లేచి కుర్చీ ఇచ్చింది. "అచ్చినవా బామ్మర్దీ. రావనుకున్న," అన్నాడు. తువ్వాల విప్పాను. నేను సామిని చూడలేదు, బావ కళ్ళనే చూస్తున్నాను. ఆయన దండం పెట్టలేదు. సూది ఉన్న చేయి మెల్లగా లేపి, సామిని దగ్గరికి తీసుకుని, మొఖం మీద వేలు పెట్టి, ముక్కు మీదుగా, జూలు మీదుగా, పీఠం దాకా తడిమాడు. తడిమి నన్ను చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. రోజూ పొద్దున దేవుని అర్రలో నేను చూసే చూపు అది. "బాపురావు, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు," అన్నాడు. "ఆ నాడు నా చేతుల వెట్టింది అసలు సామినేనా?"

నాకు అర్థం కాలేదు. "నాందేడ్‌ల పోత పోసేటాయన చేతుల వట్టంగనే అన్నడు, ఇది మీరనుకున్నంత పాతది గాదు, మొన్నమొన్ననే పోసిందని. అత్తమ్మ అసలు సామిని దాసుకొని, పరాయోడు అల్లుడని, నాకు కొత్తది ఇచ్చి పంపిందనుకున్న. నీకు గూడ ఎరికె అనుకున్న. గందుకే మీ దేవుని అర్రల అడుగువెట్ట బుద్ధిగాలే." దమ్ము తీసుకున్నాడు. "కెమెరల సామి ఉంటడు గదా, నువ్వన్న సూస్తవని పంపిన. చెప్పు, ఉన్నడా?" లేడన్నాను. గింజ సంగతి చెప్పాను. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఏడుస్తుందో నవ్వుతుందో తెలియలేదు. "ఇద్దరికి ఇద్దరు," అంది, "నలభై ఏండ్లు ఒకరింట్ల ఒకరు బువ్వ తినుకుంట గీ ముచ్చట కడుపుల వెట్టుకొని తిరిగిండ్రా!"

నిజమా. ఇది కూడా ముందే తయారు చేసుకున్న మాటా. అవ్వ ఆ రోజు సామిని అటూ ఇటూ తిప్పి ఏమీ అనకపోవడం, ఆ చివరి ఏడాది మాట, వాటికి వేరే అర్థం ఉందా. అవ్వకంటే ముందే, అవ్వ అత్తగారి కాలంలోనే ఎప్పుడో మారాడా సామి. లేక అసలు మారనే లేదా, పోత పోసేవాడే పొరబడ్డాడా. ఒక్కొక్కటీ లేస్తుంటే ఇక దేన్నీ పట్టుకోలేదు. ఎదురుగా మంచం మీద ఒక మనిషి నాలాగే అనుమానంతో ముసలివాడయ్యాడు, రేపు పొద్దున అతని రొమ్ము కోస్తారు. "ఆపరేషన్ అయ్యేదాంక నా కాడ ఉండనియ్యి సామిని," అన్నాడు. "అసలో కొత్తదో, మీ అవ్వ దండం వెట్టింది గదా." నేను వెంటనే సరేననలేదు. ఒకసారి ఈయన చేతుల్లో పెట్టి పంపితేనే గదా ఇదంతా. సామిని తీసుకుని కిటికీ దగ్గరికి పోయి, వెలుతురులో మొఖం చూశాను, ఎడమ చెవి కింద చిన్న గంటు ఉంది, వేలితో తడిమి గుర్తు పెట్టుకున్నాను. బావ నా వెనకనుంచి చూస్తూనే ఉన్నాడు, నేనేం చేస్తున్నానో ఆయనకు తెలుసు, నేనూ దాచుకోలేదు. తెచ్చి ఆయన దిండు పక్కన పెట్టాను. "అక్కా, పొద్దుగాల పాలు వెట్టు. చక్కెర వెయ్యకు, బెల్లమే వెయ్యి, బెల్లమే అలవాటు." తువ్వాల మడిచి సామి కింద పరిచాను. తలుపు దాకా పోయాక బావ పిలిచాడు.

"సామిని తీస్కపోను ఎప్పుడొస్తవ్?"

"నేను రాను. నువ్వు లేసి నడిసినంక, నువ్వే తీస్కరా."